దుబ్బ ఎక్కడ నిలుస్తుందో మీకే తెలుసు

పోయిన ఎండాకాలం సెలవుల్లో చిరాగ్‌పల్లిలో ఒక లారీ డ్రైవరు నన్ను రోడ్డు మీద ఆపాడు. "సార్, మా పోరడు పొద్దుగాల్నుంచి గా ప్లాస్టిక్ ముక్కలు గీక్కుంట కూసుంటుండు. తిండి యాదుండదు, ఆట లేదు. జర మీరొచ్చి చెప్పుండ్రి" అన్నాడు. ఆ పిచ్చి నాకూ ఉందని ఆయనకు తెలియదు. పంతులు కదా, మందలిస్తాడని పిలిచాడు.

వెళ్లి చూశాను. పిల్లవాడు ఎనిమిదో తరగతి. హైదరాబాద్‌లో ఉండే మేనమామ కొనిచ్చిన కిట్టుతో యుద్ధ వాహనం కట్టాడు. గోధుమల డబ్బా మీద పాత దినపత్రిక పరిచి దాని మీద నిలబెట్టాడు. అతుకులు బాగానే కుదిరాయి, ఆకుపచ్చ రంగూ బాగానే పడింది. అయినా వాడి మొహంలో సంతోషం లేదు. "ఏందో తక్కువైంది సార్, బొమ్మలెక్కనే కనవడ్తుంది" అన్నాడు. వాళ్ల నాన్న గుమ్మం దగ్గరే నిలబడి, "మనకేం తెలుస్తది గిదంత" అని నవ్వి ఊరుకున్నాడు.

ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించే. మన ప్రాంతంలో పిల్లలు ఈ పనిలో పడితే తల్లిదండ్రులు రెండు రకాలుగా తప్పుకుంటున్నారు. కొందరు దండగని కసురుతున్నారు. కొందరు డబ్బిచ్చి, మనకేం తెలుసని పక్కకు జరుగుతున్నారు. నాకు రెండోదే ఎక్కువ బాధగా ఉంటుంది. ఈ విద్యలో చివరి భాగం, అన్నిటికన్నా కష్టమైనది, ట్రాక్టరు నడిపేవాళ్లకూ లారీ నడిపేవాళ్లకూ ముందే వచ్చు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు పిల్లవాడు కట్టేది ఏమిటో తెలుసుకోండి. ఆ డ్రైవరు కొడుకు కట్టింది బీఎంపీ-2. రష్యాలో పుట్టిన ఈ బండిని మన దగ్గర సారథ్ అంటారు. ఎక్కడో కాదు, మన సంగారెడ్డి జిల్లాలోనే, ఎద్దుమైలారంలో తయారవుతుంది. అక్కడి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ 1984లో మొదలైంది. విడిభాగాలు తెప్పించి బిగించిన మొదటి బండి 1987లో బయటికి వచ్చింది. 2021 అక్టోబరులో ఆయుధ కర్మాగారాలను కంపెనీలుగా విడగొట్టినప్పుడు ఇది ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వెళ్లింది. కాబట్టి పిల్లవాడు ఏదో దేశం కాని దేశపు బొమ్మతో ఆడుతున్నాడని అనుకోకండి. కిట్టు మాత్రం రష్యాలోని జ్వెజ్దాదో చైనాలోని ట్రంపెటర్‌దో అయి ఉంటుంది. డబ్బా మీద సారథ్ అని ఉండదు, బీఎంపీ-2 అని ఉంటుంది.

డబ్బా మీద ఇంకో అంకె ఉంటుంది, 1/35. అసలు బండిలో 35 సెంటీమీటర్లు ఉన్నది బొమ్మలో ఒక సెంటీమీటరు అవుతుందని అర్థం. అసలు సారథ్ పొడవు 6 మీటర్ల 73 సెంటీమీటర్ల పైచిలుకు, అంటే బొమ్మ 19 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. వెడల్పు 3 మీటర్ల 15 సెంటీమీటర్లు, బొమ్మలో సరిగ్గా తొమ్మిది. స్కేలు చేతికిచ్చి ఈ లెక్క వాడితోనే చేయించండి. ఎవరూ చెప్పకుండానే భిన్నాలు వస్తాయి. ఈ 35 అనే వింత అంకె ఎందుకొచ్చిందని పిల్లలు అడుగుతారు. జపాన్‌లో టమియా కంపెనీ 1961లో పాంథర్ ట్యాంకు నమూనా చేసినప్పుడు మోటారు, బ్యాటరీలు లోపల పట్టేలా చేసింది. తర్వాత కొలిచి చూస్తే అది 35వ వంతుకు దగ్గరగా తేలింది. ఆ తర్వాత లోకమంతా దాన్నే పట్టుకుంది. శాస్త్రం ఏమీ లేదు, బ్యాటరీ పట్టాలి, అంతే!

ఇక పనిముట్లు. కిట్టు తెరిస్తే ముక్కలన్నీ కొమ్మకు కాయల్లా ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని ఉంటాయి. పిల్లలు చేసే మొదటి తప్పు వాటిని చేత్తో తుంచడం. మామిడికాయను తొడిమతో కోస్తాం కదా, ఇదీ అంతే. ముందు కాస్త దూరంగా కట్టర్‌తో కోయాలి, మిగిలిన తొడిమను తర్వాత చాకుతో చెక్కాలి, చివర్లో వాటర్ పేపరుతో రుద్దాలి. ఒకేసారి దగ్గరికి కోస్తే ముక్క మీద తెల్లటి మచ్చ పడుతుంది, ఒక్కోసారి గుంట కూడా. వాటర్ పేపరు 400 నంబరుతో మొదలెట్టి 600, 1000 దాకా వెళ్లాలి. జహీరాబాద్‌లో బండ్లకు పెయింటింగ్ చేసే ఏ షెడ్డులో అడిగినా ఈ నంబర్లు చెబుతారు. నీళ్లలో తడిపి రుద్దమనండి, ప్లాస్టిక్ పొడి గాల్లోకి లేవదు.

కొనాల్సినవి నిజానికి తక్కువ. మంచి కట్టర్ ఒకటి, బ్లేడు మార్చుకునే సన్న చాకు ఒకటి, ట్వీజర్, ప్లాస్టిక్ సిమెంట్ సీసా, రెండు కుంచెలు. మిగిలినవి ఇంట్లోనే ఉంటాయి. అతుకు పెట్టిన ముక్కలు ఆరేదాకా పట్టి ఉంచడానికి బట్టల క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు చాలు. చిన్న ముక్కలు గుచ్చి రంగు వేయడానికి అగ్గిపుల్లలు, పళ్లలో గుచ్చుకునే పుల్లలు. అమ్మ బట్టల క్లిప్పులు పోతే కోప్పడకండి, తిరిగి వస్తాయి. రంగు అంటి వస్తాయేమో మరి.

ప్లాస్టిక్ సిమెంట్ అంటే ఫెవికాల్ లాంటిది కాదు. ఫెవికాల్ మధ్యలో పొరగా నిలిచి రెండు ముక్కల్ని పట్టుకుంటుంది. ఇది ప్లాస్టిక్ అంచుల్ని కరిగించి రెంటినీ ఒకటి చేస్తుంది. అందుకే ఒక్క చుక్క ఎక్కువైనా వేలిముద్ర శాశ్వతంగా పడిపోతుంది. అతుకుల్లో సందులు మిగిలితే ఈ బొమ్మలు కట్టేవాళ్లు చేసేది నాకు మహా ఇష్టం. పారేసే చట్రం ముక్కల్ని సన్నగా తరిగి కొంచెం సిమెంట్‌లో నానబెడతారు. మర్నాటికి చిక్కటి ముద్దవుతుంది. ఆ బండి పదార్థంతోనే ఆ బండికి లప్పం! కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసేవాళ్లు రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి మక్కు చేసి అతుకులు పూడుస్తారు. పిల్లవాడికి ఈ మాట చెప్పండి. తాను చేసేది ఏదో వింత పని కాదని తెలుస్తుంది.

ప్రమాదాల మాట కొంచెం గట్టిగానే చెప్పాలి. మొద్దుబారిన బ్లేడు పదునైన దానికన్నా ఎక్కువ కోస్తుంది, ఎందుకంటే బలం పెట్టి నొక్కుతారు, నొక్కితే జారుతుంది. బ్లేడు ఎప్పటికప్పుడు మార్చండి. పాతవి చెత్తలో వేయొద్దు, మాత్రల డబ్బా ఖాళీదొకటి పెట్టి అందులో వేయమనండి. చెత్త ఎత్తే మనిషి చేతులు గుర్తుంచుకోవాలి కదా. సిమెంట్, థిన్నర్, ఎనామిల్ రంగులు ఇవన్నీ ఆవిరవుతాయి, అంటుకుంటాయి కూడా. వంటింట్లో గ్యాస్ పొయ్యి పక్కన ఈ పని వద్దే వద్దు. కిటికీ పక్కన కూర్చోబెట్టండి, ఫ్యాను ఉంటే గాలి బయటికి పోయేలా తిప్పండి. తలనొప్పి వస్తుందంటే ఆ రోజుకు ఆపించండి. ఫెవిక్విక్ వాడేటప్పుడు వేళ్లు అతుక్కుంటే లాగొద్దు, గోరువెచ్చటి సబ్బునీళ్లలో నాననివ్వాలి. దూది, నూలు గుడ్డ మాత్రం దాని దగ్గరికి రానివ్వొద్దు. నూలుకు తగిలితే చర్రున వేడెక్కుతుంది, పొగ కూడా రావచ్చు. ఈ సంగతి చాలామంది పెద్దవాళ్లకే తెలియదు. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూ వెంటనే డాక్టరు దగ్గరికే. పదేళ్లలోపు పిల్లలకైతే చాకు వద్దు, సిమెంట్ వద్దు. నొక్కితే బిగిసే కిట్లు దొరుకుతాయి, అవి ఇవ్వండి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా అబ్బాయి పన్నెండేళ్ల వయసులో మొదటి ట్యాంకు కడుతుంటే నేను పక్కన కూర్చున్నాను. కూర్చున్నవాణ్ణి ఊరుకున్నానా? "ఇట్ల కాదు, ఇటియ్యి" అని ఫిరంగి గొట్టం తీసుకున్నాను. అతుకు శుభ్రంగా కుదిరింది. తర్వాత పైన తిరిగే టరెట్ తీసుకున్నాను. తర్వాత రంగు. వారం తిరిగేసరికి ట్యాంకు అద్భుతంగా తయారైంది. మా వాడు మాత్రం బయట క్రికెట్ ఆడుకుంటున్నాడు. ఆ ట్యాంకు ఇప్పటికీ మా అల్మారాలో ఉంది. ఎవరైనా ఎవరు చేశారని అడిగితే మా వాడు "మా నాయిన" అంటాడు. అందులో నిష్ఠూరం ఏమీ లేదు, అదే నాకు నొప్పి.

అందుకే చెబుతున్నాను, చేతులు కట్టుకు కూర్చోండి. పక్కన మాత్రం కూర్చోండి. వంకరగా అతికితే అతకనివ్వండి. మొదటి బండి అందరిదీ వంకరే.

రంగు దగ్గరికి వద్దాం. చాలామంది పిల్లలు ఇక్కడే ఎయిర్‌బ్రష్ కావాలని పట్టుబడతారు. యూట్యూబ్‌లో చూస్తారు కదా. కంప్రెసర్‌తో కలిపి వేలల్లో అవుతుంది. మొదటి రెండు మూడు బండ్లకు అక్కర్లేదని నా అభిప్రాయం. కుంచెతో రంగు పలచగా వేయడం రానివాడికి ఎయిర్‌బ్రష్ ఇచ్చినా అదే చిక్కటి రంగు పోసి మొన మూసేస్తాడు, రోజంతా దాన్ని కడుక్కుంటూ కూర్చుంటాడు. ముందు నీళ్లలో కలిసే ఆక్రిలిక్ రంగులతో, కుంచెతో నేర్చుకోనివ్వండి. రంగు మీగడలా ఉండకూడదు, పాలలా ఉండాలి. పలచగా ఒక పూత, ఆరాక మరో పూత, అదీ ఆరాక ఇంకో పూత. మొదటి పూత చూస్తే ఏడుపొస్తుంది, చారలు చారలుగా ఉంటుంది. మూడో పూతకు సర్దుకుంటుంది. తొందరపడి ఒకేసారి దట్టంగా వేస్తే ఏమవుతుందో లెక్క చూపించండి. బొమ్మ మీద పదో వంతు మిల్లీమీటరు మందం పూత పడితే, 35 రెట్లు చేస్తే అసలు బండి మీద మూడున్నర మిల్లీమీటర్ల పూత. మన జొన్న రొట్టె అంత మందం! ఏ బండికైనా జొన్న రొట్టె మందాన రంగు వేస్తారా? బోల్టుల తలలన్నీ అందులో మునిగిపోతాయి.

రంగుకు ముందు ప్రైమర్ తప్పదు. ట్రాక్టరు ట్రాలీకి రెడ్ ఆక్సైడ్ కొట్టకుండా రంగు వేస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ కూడా అంతే, గోరు తగిలితే పొరలు లేస్తుంది. ప్రైమర్‌కు ముందు బండిని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. అచ్చుల నుంచి తీసేటప్పుడు అంటిన జిడ్డు దాని మీద ఉంటుంది. ఏ రంగైనా ముందు వాడేసిన ప్లాస్టిక్ స్పూను మీద వేసి చూసుకోమనండి. పెళ్లిళ్లలో మిగిలే స్పూన్లకు ఇంతకంటే మంచి ఉపయోగం నాకు తోచదు.

సైన్యపు ఆకుపచ్చ ఎంత ముదురో అంత ముదురు వేస్తే బొమ్మ నల్లగా కనిపిస్తుంది. ఇది పిల్లలకు అర్థం కాక రంగు తప్పు కొన్నామనుకుంటారు. దూరంగా ఉన్న వస్తువు రంగు వెలిసినట్టు కనిపిస్తుంది కదా. చేలో అవతలి గట్టున నిలబెట్టిన ఎర్ర ట్రాక్టరును ఇంటి నుంచి చూడండి, దగ్గరి ఎరుపు కాదు అది. చేతిలోని బొమ్మను మన కన్ను దూరాన ఉన్న బండిగా చూస్తుంది. అందుకే అసలు రంగులో కొంచెం లేత రంగు కలుపుతారు. ఎంత? వాడి కన్నే చెప్పాలి.

పూత ఆరాక నిగనిగలాడే పారదర్శక వార్నిష్ ఒక పొర వేసి, నీళ్లలో నానబెట్టిన నంబరు స్టిక్కర్లు అంటిస్తారు. దాని మీద వాష్. బాగా పలచన చేసిన ముదురు గోధుమ రంగు ఎనామిల్‌ను సందుల్లో, బోల్టుల చుట్టూ తాకిస్తే అదే పాకుతుంది. మిగిలింది థిన్నర్ కుంచెతో తుడిచేస్తారు. ఉన్నట్టుండి ప్రతి తలుపుకూ అంచు కనిపిస్తుంది, ప్రతి బోల్టూ పైకి లేస్తుంది. కింద వేసింది నీళ్ల రంగు కాబట్టి ఎనామిల్ థిన్నర్‌కు చెక్కుచెదరదు. ఎనామిల్ పూత మీదే ఎనామిల్ వాష్ వేస్తే రెండూ కలిసి ముద్దవుతాయి. ఈ వరస ఒక్కటి గుర్తుంటే చాలు. ఆ తర్వాత లేత రంగులో ముంచిన కుంచెను కాగితం మీద దాదాపు ఆరిపోయేదాకా తుడిచి, అంచుల మీద అటూ ఇటూ ఆడిస్తే గరుకు తేలుతుంది.

ఇంతవరకూ పుస్తకం చెబుతుంది. ఇక్కడి నుంచి మీరు చెప్పాలి.

జహీరాబాద్‌లో మహీంద్రా ఫ్యాక్టరీ నుంచి కొత్త ట్రాక్టర్లు ట్రైలర్ల మీద వెళ్లడం అందరం చూస్తాం. ఎర్రగా, అద్దంలా ఉంటాయి. అదే ట్రాక్టరు రెండు చెరుకు సీజన్లు దాటాక ఎలా ఉంటుంది? ఆ రెండింటి మధ్య తేడానే ఈ విద్య. పిల్లవాడి బండికి తక్కువైంది అదే. వాడి సారథ్ ఫ్యాక్టరీ గేటు దాటలేదు.

చిరాగ్‌పల్లి వాళ్లకు దీనికి వేరే బడి అక్కర్లేదు. హుమ్నాబాద్ వైపు నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి మీద, సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర ఏళ్ల తరబడి బారులు తీరిన లారీలను చూసి పెరిగిన ఊరు ఇది. పిల్లవాణ్ణి తీసుకెళ్లి దాబా దగ్గర ఆగిన ఒక లారీ చూపించండి. రోడ్డు మీదికి పోనివ్వకుండా, ఆగిన బండి దగ్గరే. దుబ్బ ఎక్కడుంది? అంతటా ఒకేలా లేదు. చక్రాల వెనక దట్టంగా, పైకి పోను పోను పలచగా. క్యాబిన్ ఎక్కే మెట్టు మీద లేదు, చెప్పులు రుద్దుకుపోతాయి. తలుపు పిడి దగ్గర రంగే లేదు, ఇనుము మెరుస్తోంది. డీజిల్ ట్యాంకు మూత చుట్టూ నల్లటి మరక, దాని మీద దుబ్బ అంటుకుని గట్టిపడింది. వాన పడితే ఆ దుబ్బలో నిలువు చారలు. సైలెన్సర్ తుప్పు ఒక రంగు, ఛాసిస్ తుప్పు ఇంకో రంగు.

ఇప్పుడు ఇంటికొచ్చి సారథ్ చూడండి. సైనికులు వెనక తలుపుల్లోంచి దిగుతారు. ఆ తలుపులు రెండూ ఇంధన ట్యాంకులు కూడా. అయితే మరక ఎక్కడ పడాలి? మీరు చెప్పగలరు. ఇంజను ముందు కుడి పక్కన, పొగ కుడివైపు పైనుంచి వెళ్తుంది. మసి ఎక్కడ పట్టాలి? చక్రాలు పక్కకు ఆరేసి, వాటికి రబ్బరు తొడుగులు. పిల్లలు ఉత్సాహంలో వాటికీ తుప్పు రంగు పూస్తారు. రబ్బరుకు తుప్పేంది కొడుకా అని నవ్వే హక్కు మీకుంది. చక్రాల చుట్టూ తిరిగే ఇనుప ట్రాక్‌కు మాత్రం ఒక్క రాత్రి వానకే తుప్పు పడుతుంది, నేలకు రాసుకునే చోట మళ్లీ తళతళలాడుతుంది. నాగలి కర్రు చూసినవాళ్లకు ఇది వివరించాలా?

రంగు ఊడిన చోట్లకు గిన్నెలు తోమే స్పాంజి చిన్న ముక్క ట్వీజర్‌తో పట్టుకుని, ముదురు గోధుమ రంగులో అద్ది, కాగితం మీద ఒత్తి, ఆ తర్వాత అంచులకు తాకించాలి. చేతులు, బూట్లు తగిలే చోటే. అంతటా వేస్తే బండికి అమ్మవారు పోసినట్టుంటుంది.

దుబ్బ కోసం సీసాల్లో రంగు పొడులు అమ్ముతారు. మనకెందుకండీ? జహీరాబాద్ చుట్టుపక్కల ఎర్రమట్టి ఉంది, నల్లరేగడి ఉంది. పొరుగునే బీదర్ కోట మట్టిని నవాసాగరంతో కలిపి బిద్రీ పాత్రలను నల్లబరుస్తారు, వెండి తీగ మాత్రం తెల్లగానే మెరుస్తుంది. మట్టిని రంగుగా వాడే ప్రాంతం మనది. ఎర్రమట్టి ఎండబెట్టి, రోట్లో మెత్తగా దంచి, పలచటి పాత చీర గుడ్డలో వస్త్రకాళితం పట్టాలి. బాగా మెత్తగా పట్టాలి, ఎందుకంటే ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు ఆ బండి పక్కన మూడున్నర సెంటీమీటర్ల రాయి, నిమ్మకాయంత. పొడిని పొడి కుంచెతో అద్ది, పక్కన ఒక చుక్క థిన్నర్ వదిలితే పీల్చుకుని నిలుస్తుంది. బురద కావాలంటే నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో కలపండి. తడి బురద ముదురు, ఎండింది లేత. ఎండిన దాని మీద తడిది రావాలి కానీ కిందది పైకి రాదు. ఈ ముక్క వానలో చేను దున్నినవాళ్లే చెప్పగలరు.

ఖర్చు గురించి అడుగుతారు. ఒక కిట్టు నెలల తరబడి వస్తుంది, అలా రానివ్వండి. ఒకటి పూర్తి కాకుండా రెండోది కొనొద్దు. డబ్బాలు పేర్చుకోవడం కట్టడం కాదు. చదువు దెబ్బతింటుందా అంటే, రంగు ఆరేదాకా ఆగాలి కాబట్టి పూతకూ పూతకూ మధ్య పుస్తకం పట్టుకోమని నేను మా వాడికి చెప్పేవాణ్ణి. విన్నాడని చెప్పను.

యుద్ధపు బొమ్మలేమిటని కొందరు తల్లులు అడిగారు. ఆ అనుమానం మంచిదే. లోపల కూర్చునే ముగ్గురు సిబ్బంది, ఏడుగురు జవాన్లు ఎలా ఉంటారో, ఎండాకాలం ఆ ఇనుప గదిలో ఎంత ఉక్కగా ఉంటుందో వాడితో మాట్లాడండి. మన ఊళ్లలో సైన్యంలో చేసి వచ్చినవాళ్లు ఉంటారు, ఒక సాయంత్రం వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. వాళ్లు చెప్పేది సినిమాలా ఉండదు.

ఆ రోజు నేను ఆ డ్రైవరును గుమ్మం దగ్గర్నుంచి లోపలికి పిలిచి బొమ్మ ముందు కూర్చోబెట్టాను. మొహమాటపడుతూ చూశాడు. కాసేపటికి, "గిది నడుస్తె ఎనకకు దుబ్బ లేస్తది గదా బిడ్డా, ముంగట గింత, ఎనక గింత ఉండాలె" అన్నాడు. పిల్లవాడు తలెత్తాడు. "మీద ఎవలన్న ఎక్కుతరా?" అని అడిగాడు తండ్రి. "జవాన్లు ఎక్కుతరు నాయినా, ఈడ." "అయితె ఆడ దుబ్బెట్లుంటది? కాళ్లకు పోతది." పిల్లవాడు అప్పటికే ఎర్రమట్టి తేవడానికి పెరట్లోకి పరిగెత్తాడు. నేను చెప్పులు తొడుక్కుంటుంటే తండ్రి బొమ్మను వెలుతురుకు తిప్పి, డీజిల్ మూత ఎక్కడుందా అని వెతుకుతున్నాడు.